నత్తితో పుస్తకాలు చదివి రికార్డ్ చేయడం, స్క్రైబ్‌గా కూర్చోవడం: నా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, నాకు నత్తి ఉంది. చిన్నప్పట్నుంచీ ఉంది, ఇప్పటికీ ఉంది, కాబట్టి చివర్లో "ఎలా తగ్గించుకున్నావ్ బ్రో" అని అడక్కండి, తగ్గలేదు. డిగ్రీలో ఉండగా చూపు లేని ఒక సీనియర్ అన్నకి టెక్స్ట్ పుస్తకాలు చదివి రికార్డ్ చేసి పంపేవాణ్ణి, తర్వాత ఎంఏ పరీక్షల్లో ఆయన చెప్పే జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌గా కూడా కూర్చున్నా. నత్తి ఉన్నోడు చదివి వినిపించే పని ఎలా చేస్తాడని చాలామంది అడిగారు, నోటితో చెప్తే గంట పడుతుంది కాబట్టి రాసేస్తున్నా.

నత్తి లేనివాళ్ళకి ఒక విషయం తెలీదు. మాకు అన్ని మాటలూ కష్టం కాదు, కొన్ని అక్షరాల దగ్గరే గొంతు పట్టేస్తుంది, నాకైతే క, ప, గ. అందుకే తెలివిగా మాటలు మార్చేస్తుంటాం. "కొంచెం" అనాల్సిన చోట "ఇంత" అంటా, "పెన్ను ఇవ్వు" అనలేక "అది ఇటివ్వు" అని వేలు చూపిస్తా, ఒక్కో మాటకి రెండు మూడు బదులు మాటలు ఎప్పుడూ రెడీగా ఉంటాయి. బయటివాళ్ళు వీడేదో ఆలోచించి మాట్లాడతాడనుకుంటారు. మార్చడానికి వీల్లేనిది మన పేరొక్కటే, ఇంకా క్లాసులో "ప్రెజెంట్ సార్". అటెండెన్స్ టైమ్‌లో నా నంబర్ దగ్గర పడేకొద్దీ అరచేతులు చెమట పట్టేవి. "ప్రె" దగ్గర ఆగిపోయి లెక్చరర్ తర్వాతి నంబర్‌కి వెళ్ళిపోతే క్లాసులో కూర్చునే ఆబ్సెంట్ పడేది. ఇంట్లో మాత్రం నేను వసపిట్టని, పాట పాడితే ఒక్క అక్షరం తడబడదు, నలుగురితో కలిసి ఒకేసారి చదివినా రాదు. ఇది చాలామంది నత్తి వాళ్ళకి ఉండేదే. పెద్దవాళ్ళలో దాదాపు నూటికి ఒకరికి నత్తి ఉంటుంది, అది భయం వల్ల పుట్టేది కాదు, మెదడులో మాటల టైమింగ్‌కి సంబంధించింది, వంశపారంపర్యంగా కూడా వస్తుంది. భయం దాన్ని పెంచుతుంది, అది వేరే సంగతి.

సెమినార్ అంటే జ్వరం, వైవా అంటే కడుపునొప్పి. ఫస్ట్ ఇయర్ మొత్తం అట్లాగే గడిచింది, ఒక దశలో చదువు మానేసి మాట్లాడే పని లేని ఉద్యోగం ఏదైనా చూసుకుందామని సీరియస్‌గా అనుకున్నా.

ఎన్ఎస్ఎస్‌లో చేరింది కూడా సేవా భావం పొంగిపొర్లి ఏం కాదు, ఫ్రెండ్స్ అందరూ చేరారు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఎన్ఎస్ఎస్ అంటే కాలేజీ విద్యార్థుల సేవా పథకం, 1969లో గాంధీ శతజయంతి ఏడాది మొదలైంది, వాలంటీర్ రెండేళ్ళలో 240 గంటలు పని చేయాలి, మధ్యలో ఏడు రోజుల స్పెషల్ క్యాంప్ ఉంటుంది. ర్యాలీలో స్లోగన్లు ఇవ్వమంటే ఓకే, గుంపులో అరిస్తే నత్తి రాదు కదా. కానీ ఇంటింటికీ వెళ్ళి సర్వే చేయమన్నారు, అక్కడ దెబ్బ పడింది. మా ప్రోగ్రామ్ ఆఫీసర్ మేడం గమనించి పక్కకి పిలిచి, "పీజీలో చూపు లేని అబ్బాయి ఉన్నాడు, పుస్తకాలు స్కాన్ చేసి ఇవ్వాలి, చేస్తావా" అన్నారు. స్కాన్ అంటే నోరు తెరిచే పని లేదు. వెంటనే సరే అన్నా.

స్కాన్ చేసి ఇస్తే ఏమైందంటే, ఏం కాలేదు. ఆయన కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అని ఒక స్క్రీన్ రీడర్ వాడతాడు, స్క్రీన్ మీద అక్షరాలు ఉంటే చదివి వినిపిస్తుంది, ఫ్రీ సాఫ్ట్‌వేర్, 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు కుర్రాళ్ళు మొదలుపెట్టారు. ఇంగ్లీష్ పుస్తకాలకి అది బాగానే పనికొస్తుంది. తెలుగు దగ్గరే తంటా. స్కాన్ చేసిన పేజీ దానికి ఒక ఫొటో మాత్రమే, అందులోంచి అక్షరాలు తీయించాలంటే పాత ప్రింటు ఒత్తులూ గుడింతాలూ కలిసిపోయి తప్పులతడకగా వచ్చేది. పోనీ సాఫ్ట్ కాపీ ఉందా అని చూస్తే అది 'అను' అనే పాత తెలుగు ఫాంట్స్‌లో టైప్ చేసిన పీడీఎఫ్. మన కంటికి చక్కటి తెలుగే, కాపీ చేసి వేరే చోట పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు, ఎందుకంటే లోపల ఉన్నది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ అర్థమయ్యే అక్షరాల పద్ధతి) కాదు. స్క్రీన్ రీడర్ ఆ పిచ్చి గుర్తుల్నే చదువుతుంది. నేను ఒకసారి హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నా, రెండు నిమిషాలకి తల తిరిగింది, ఈయన ఇట్లాంటివి విని ఎంఏ దాకా వచ్చాడా అనిపించింది.

అప్పుడు అన్న చాలా మామూలుగా అన్నాడు, "ఇదంతా ఎందుకు తమ్ముడూ, నువ్వే చదివి రికార్డ్ చేసి పంపు."

నేను నాకు నత్తి ఉందన్నా అని చెప్పా, ఆ చెప్పడంలోనే వచ్చింది. ఆయన "తెలుసు, ఇందాకట్నుంచి వింటున్నాగా" అన్నాడు. అంతే, మళ్ళీ ఆ టాపిక్ ఎత్తలేదు.

ఒక్కడినే గదిలో ఉండి నాలో నేను మాట్లాడుకుంటే నాకు నత్తి రాదు, అందుకని రికార్డింగ్ ఈజీ అనుకున్నా. ఫోన్‌లో ఆ ఎర్ర బటన్ నొక్కగానే గదిలో ఇంకో మనిషి వచ్చి కూర్చున్నట్టే ఉంటుంది, వినేవాడు ఒకడున్నాడని మెదడుకి తెలిసిపోతుంది, వెంటనే మొదలు. పైగా ఆయనది హిస్టరీ, మొదటి చాప్టరే కాకతీయులు. "కాకతీయుల కాలంలో గొలుసుకట్టు చెరువులు, కాలువలు" అనే వాక్యం చూడండి, నాకోసమే పగబట్టి రాసినట్టు లేదూ. గణపతిదేవుడు, ప్రతాపరుద్రుడు, పాకాల చెరువు, గోల్కొండ, కుతుబ్ షాహీలు, మొత్తం సిలబస్ అంతా క, ప, గ. మామూలుగా అయితే మాట మార్చేసి తప్పించుకుంటా, ఇక్కడ కుదరదు. ప్రతాపరుద్రుడికి బదులు "ఆ రాజు" అని చదివితే అన్న పరీక్షలో ఏం రాస్తాడు? పుస్తకంలో ఏ మాట ఉంటే ఆ మాటే అనాలి, ఎంతసేపు పట్టినా సరే. ఊహ తెలిశాక మాట మార్చకుండా వరుసగా ఒక పేజీ పలికింది అదే మొదటిసారి.

ఆ తర్వాత కూర్చుని ఎడిటింగ్ చేసేవాణ్ణి. ఆడాసిటీ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో మన గొంతు అలల్లాగా కనిపిస్తుంది, నత్తి వచ్చిన చోట చిన్న చిన్న ముక్కలు వరుసగా ఉంటాయి, చూస్తే నాకు తెలిసిపోయేది. ఒక్కోటీ కట్ చేసి అతికించి, రేడియో అనౌన్సర్ లెవెల్లో తయారుచేసి పంపేవాణ్ణి. పది పేజీలకి రాత్రంతా పట్టేది. ఇంటర్నల్స్ దగ్గర పడ్డాయి, అన్న ఫోన్ చేసి మిగతావి ఏవని అడిగాడు, ఎడిటింగ్ అవుతోందన్నా. "ఏం ఎడిటింగ్?" అంటే చెప్పా. ఒక్క క్షణం ఆగి, "నేను డబుల్ స్పీడ్‌లో వింటా, నువ్వు ఎక్కడ ఆగావో నాకెందుకురా, ఏ పేజీలో ఉన్నావో తెలిస్తే చాలు, ఉన్నది ఉన్నట్టు పంపు" అని పెట్టేశాడు. కోపంగానే అన్నాడు. నిజం చెప్పాలంటే ఎంతోమంది "పర్లేదు, నిదానంగా మాట్లాడు" అని జాలిగా అన్నప్పుడు ఏమీ కలగలేదు గానీ ఆ కోపానికి మాత్రం మనసు తేలికైంది. ఆ రాత్రే మిగిలిన చాప్టర్ మొత్తం ఎడిటింగ్ లేకుండా పంపేశా.

చదవడానికి కూడా ఒక పద్ధతి ఉంటుంది, అన్నే నేర్పించాడు. ముందు పుస్తకం పేరు, రచయిత, చాప్టర్ చెప్పాలి, ప్రతి పేజీ మొదట్లో నంబర్ చెప్పాలి, ఫైల్ పేరులో కూడా పేజీలు ఉండాలి, లేకపోతే రేపు ఆయన వెతుక్కోలేడు. నాటకంలాగా యాక్షన్ చేస్తూ చదవకూడదు, మన కామెంట్లు కలపకూడదు. ఫుట్‌నోట్ వస్తే "ఫుట్‌నోట్" అని మొదలుపెట్టి అయిపోయాక "ఫుట్‌నోట్ అయింది" అనాలి. ఇంగ్లీష్ పేర్లు ఒకసారి స్పెల్లింగ్‌తో చెప్పాలి. టేబుల్ వస్తే ముందు ఎన్ని నిలువు వరుసలు, వాటి హెడ్డింగులేంటో చెప్పి తర్వాత ఒక్కో అడ్డ వరుస చదవాలి. మ్యాప్‌లైతే మొదట్లో నాకు చుక్కలు కనిపించాయి. "ఇక్కడ ఓరుగల్లు ఉంది" అంటే ఎక్కడ? ఉత్తరాన గోదావరి, దక్షిణాన కృష్ణ, తూర్పున సముద్రం అని ముందు హద్దులు చెప్పి, తర్వాత వాటి మధ్యలో ఊళ్ళు ఒక్కోటీ ఏది దేనికి ఏ వైపో చెప్తూ పోవాలి. మోటుపల్లి రేవు సముద్రం పక్కన ఉందని నేనట్లా చెప్తుంటేనే, 1244లో గణపతిదేవుడు అక్కడ విదేశీ వ్యాపారులకి అభయ శాసనం ఎందుకు వేయించాడో నాకు వెలిగింది. నేను బీకాం అండి, హిస్టరీ నాకు అవసరం లేదు, అయినా ఎక్కేసింది.

ఇట్లా పుస్తకం మొత్తం చదివి రికార్డ్ చేస్తే కాపీరైట్ గొడవ రాదా అని ఒక ఫ్రెండ్ భయపెట్టాడు. రాదు. 2012లో కాపీరైట్ చట్టం మార్చి, ప్రింట్ చదవలేని వాళ్ళ కోసం లాభాపేక్ష లేకుండా వాళ్ళు వాడుకునే రూపంలో కాపీ చేయొచ్చని పెట్టారు. దీని మీదే మర్రకేష్ ఒప్పందం అని అంతర్జాతీయంగా కూడా ఒకటి ఉంది, 2014లో దాన్ని అందరికంటే ముందు రాటిఫై చేసింది మన దేశమే. అయితే ఆ ఫైళ్ళు తీసుకెళ్ళి యూట్యూబ్‌లో పెట్టేస్తే మాత్రం అది వేరే కథ, అట్లా చేయకండి.

అన్న సంగతి కొంచెం చెప్పాలి. పుట్టుకతో చూపు లేనివాడు కాదు, రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు. ముందు రాత్రిపూట కనిపించడం తగ్గుతుంది, తర్వాత పక్కలు మూసుకుపోతూ వస్తాయి. ఇంటర్‌లో బోర్డు కనపడేది కాదు, డిగ్రీకి వచ్చేసరికి పుస్తకంలో అక్షరాలు పోయాయి. ఏడాది ఇంట్లోనే కూర్చున్నాడట, ఎవరితోనూ మాట్లాడకుండా. పెద్దయ్యాక నేర్చుకోవడం వల్ల బ్రెయిలీ స్పీడ్‌గా చదవలేడు, కానీ చిన్న చిన్న నోట్స్ పలక మీద స్టైలస్‌తో పొడుచుకుంటాడు. అది చూస్తే వింతగా ఉంటుంది, కుడి నుంచి ఎడమకి పొడవాలి, కాగితం తిప్పితే చుక్కలు పైకి లేచి ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు. నాకు నా పేరు పొడిచి ఇచ్చాడు ఒకసారి. ఆ పేరు నోటితో చెప్పడానికి నాకు పట్టే టైమ్‌లో సగం కూడా పట్టలేదు ఆయనకి, అదే అంటే ఇద్దరం నవ్వుకున్నాం.

సెమిస్టర్ పరీక్షలు వచ్చాయి, స్క్రైబ్ దొరకలేదు. ఇక్కడో చిక్కు ఉంది. అప్పుడు అమల్లో ఉన్న, 2018లో కేంద్రం ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం అభ్యర్థి సొంతంగా స్క్రైబ్‌ని తెచ్చుకుంటే ఆ స్క్రైబ్ చదువు ఒక మెట్టు తక్కువ ఉండాల్సింది. అంటే ఎంఏ వాళ్ళకి ఎంఏ క్లాస్‌మేట్ రాయకూడదు, డిగ్రీ వాళ్ళు కావాలి, డిగ్రీ వాళ్ళకేమో ఇంటర్ వాళ్ళు కావాలి. కాపీ జరగకుండా పెట్టిన రూలే, తప్పు పట్టను, కానీ అదే వారం డిగ్రీ పరీక్షలు కూడా ఉంటే ఎవడొస్తాడు? ఎగ్జామ్ వాళ్ళే స్క్రైబ్‌ని ఇస్తే రెండు రోజుల ముందు కలిసి మాట్లాడుకునే అవకాశం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది, ఇది చాలామంది అభ్యర్థులకే తెలీదు. టైమ్ విషయానికొస్తే గంటకి కనీసం 20 నిమిషాలు ఎక్స్‌ట్రా, అంటే మూడు గంటల పేపర్‌కి నాలుగు గంటలు. అన్న నన్నే రమ్మన్నాడు. రికార్డింగ్ అయితే మళ్ళీ మళ్ళీ వినొచ్చన్నా, అక్కడ అట్లా కుదరదు, వేరేవాళ్ళని చూసుకో అన్నా. "నీ గొంతు నా చెవికి అలవాటైపోయింది, కొత్తవాడు వస్తే వాడి స్పీడ్ పట్టుకునేసరికే అరగంట పోతుంది" అన్నాడు. నా మార్కుల మెమోలు, ఐడీ కార్డు, ఆయన సర్టిఫికెట్, అండర్‌టేకింగ్, అన్నీ ముందే ఇచ్చి పర్మిషన్ తీసుకున్నాం.

విడిగా ఒక గదిలో కూర్చోబెట్టారు, మేమిద్దరం, ఒక ఇన్విజిలేటర్. ముందు పేపర్ మొత్తం మార్కులతో సహా ఒకసారి చదవాలి, ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకుని ఏవి రాయాలో ఎంచుకుంటాడు. మొదటి ప్రశ్న ఏంటో ఊహించండి, కాకతీయుల నీటిపారుదల విధానం. "కా" దగ్గర పట్టేసింది. ఇన్విజిలేటర్ లేచి వచ్చి "ఏం బాబూ, చదవడం రాదా? నీకు ఇంకెవరూ దొరకలేదా?" అన్నాడు, రెండో మాట అన్నని ఉద్దేశించి. నా చెవులు వేడెక్కిపోయాయి. అన్న తల కూడా తిప్పకుండా "సార్, టైమ్ నాది, నాకేం ఇబ్బంది లేదు, మీరు కూర్చోండి" అన్నాడు. ఆయన కూర్చున్నాడు. నేను మళ్ళీ మొదట్నుంచి చదివా, మళ్ళీ ఆగింది, ఈసారి కంగారు పడలేదు, వచ్చినప్పుడు వచ్చింది.

స్క్రైబ్ పనిలో అసలు కష్టం రాయడం కాదు, నోరు కట్టేసుకోవడం. ఆ పుస్తకాలన్నీ చదివింది నేనే కాబట్టి జవాబులు నాకూ వచ్చు. ఒకచోట అన్న ఓరుగల్లు పతనం 1332 అని చెప్పాడు. 1323 అని నాకు తెలుసు, అయినా చెప్పింది చెప్పినట్టే రాయాలి, రాశా. పేరా అయ్యాక "చదువు" అన్నాడు. చదివేటప్పుడు కూడా గొంతులో తేడా చూపించకూడదు, ఆ అంకె దగ్గర ఒత్తి పలికినా హింట్ ఇచ్చినట్టే. సరిగ్గా అక్కడే, "పదమూడు వందల" అనబోతుంటే "ప" మీద నత్తి వచ్చింది. అన్న తలెత్తాడు, ఇన్విజిలేటర్ కూడా చూశాడు. దేవుడి మీద ఒట్టు, అది నిజంగా నత్తే. నేను ఆగకుండా లైన్ చివరిదాకా చదివేశా, అన్న "ఊ" అని తర్వాతి పేరాలోకి వెళ్ళిపోయాడు. అట్లాగే ఉండిపోయింది ఆ తప్పు. బయటికొచ్చాక చెప్తే "నువ్వు ఆగావని మార్చుకుంటే అది కాపీ కాదా, నత్తికి నేను సంవత్సరాలు మార్చుకుంటూ పోతే రుద్రమదేవి బ్రిటిష్ వాళ్ళతో యుద్ధం చేస్తుంది" అన్నాడు. ఆ పేపర్ మంచి మార్కులతోనే పాసయ్యాడు.

దీనివల్ల నాకేం మారిందంటే, నత్తి మారలేదు గానీ మాటలు మార్చుకోవడం బాగా తగ్గించా. ఈ మధ్య స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి కూడా వెళ్తున్నా. తప్పించుకునే కొద్దీ ఆ మాట మీద భయం పెరుగుతుందని మొదటి రోజే ఆవిడ చెప్తుంటే, నాకు కాకతీయుల చాప్టర్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఫైనల్ ఇయర్ సెమినార్ ఇచ్చా. ఎక్కువసేపే పట్టింది, వెనక బెంచీలో ఇద్దరు నవ్వారు, అయినా చెప్పాల్సింది చెప్పి దిగా. అన్న ఇప్పుడు లెక్చరర్ పోస్టులకి ప్రిపేర్ అవుతున్నాడు, నా దగ్గర్నుంచి ఇప్పటికీ ఫైళ్ళు వెళ్తూనే ఉన్నాయి. నేను బీకాం అయ్యాక స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఎడ్ చేద్దామనుకుంటున్నా, ఇంట్లో ఇంకా చర్చలు నడుస్తున్నాయి.

ఇదంతా సేవ అంటే నాకు ఇబ్బందిగా ఉంటుంది. డిసెంబర్ 3 వికలాంగుల దినోత్సవం నాడు బ్యానర్ కట్టి, తెల్ల కర్రలు పంచి ఫొటోలు దిగడానికి చాలామంది వస్తారు, పరీక్షల ముందు యాభై పేజీలు చదివి పెట్టమంటే వాళ్ళలో ఒక్కడూ ఫోన్ ఎత్తడు. ఎవరైనా చేద్దామనుకుంటే చేతనైనంతే ఒప్పుకోండి, కానీ చెప్పిన రోజుకి ఇవ్వండి, లేట్ అయిన ఆడియో వాళ్ళకి దేనికీ పనికిరాదు. స్క్రైబ్‌గా ఒప్పుకుంటే పరీక్ష రోజు పొద్దున హ్యాండ్ ఇవ్వకండి, అది ఏ శత్రువుకీ చేయకూడని పని. రూల్స్ మారుతూ ఉంటాయి కాబట్టి హాల్ టికెట్ రాకముందే ఎగ్జామ్ బ్రాంచ్‌లో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. గొంతు బాగుండాలి, ఉచ్చారణ బాగుండాలి అని వెనకాడేవాళ్ళకి ఏం చెప్పాలి, నా ఫైళ్ళు ఒకటి వినిపిస్తా రండి.

ఇప్పుడు మా జూనియర్లతో కలిసి ఒక లిస్ట్ తయారుచేస్తున్నాం, ఏ క్లాసు వాళ్ళు ఎవరికి స్క్రైబ్‌గా రాయొచ్చు, ఎవరి పరీక్షలు ఎప్పుడు అని, చివరి నిమిషంలో పరుగులు పెట్టకుండా. ఇంటర్ పిల్లలు ఇంకా కావాలి. ఈ ఏడాది ఎకనామిక్స్ చదివే ఒక చెల్లి చేరింది, ఆమె పుస్తకం నిండా గ్రాఫులే. అడ్డం గీత దేనికి, నిలువు గీత దేనికి అని ముందు చెప్పి, తర్వాత వంపు ఎక్కడ మొదలై ఎటు పోతోందో చెప్తున్నా. ఒకే గ్రాఫ్‌లో నాలుగు వంపులు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతే ఎట్లా చదవాలో మాత్రం ఇంకా తేలలేదు, ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.